ఐదో భాగం మీద పసుపు అట్ట

కుర్మయ్య ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా స్టేషన్‌కు చేరాలి. పదింటి ప్యాసింజరు వచ్చేలోగా నిన్న వచ్చిన పుస్తకంలో మిగిలిన ఇరవై పేజీలూ చదివెయ్యాలి. ఆ తరువాత పుస్తకాన్ని మునుపటిలాగే కాగితంలో చుట్టి, పురికొస కట్టి, పాల్మాకుల నుంచి ఎడ్లబండి రాగానే ఏమీ ఎరగనట్టు అప్పగించెయ్యాలి. ఇందులో కష్టమేమీ లేదు. ఇలాంటివి నాలుగు భాగాలు అతను అప్పటికే అప్పగించి ఉన్నాడు.

అయినా అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. పీట మీద కూర్చున్నాడే గాని ప్రాణం పీట మీద లేదు.

“ఏందయ్యా, రొట్టె నీళ్లల్ల ముంచుతున్నవ్? పప్పు గిన్నె గిటు ఉన్నది,” అంది భార్య సత్తెమ్మ.

“సత్తీ, ఏనుగుకు రెండు తలకాయలున్నయనుకో. ఒకటి నిజమే చెప్తది, ఒకటి అబద్ధమే చెప్తది. ఏది ఏదో మనకు తెల్వదు. ఇగ దాన్ని ఏమని అడగాలె?”

“పొద్దుపొద్దున్నే ఏనుగేంది? పెయ్యి మంచిగున్నదా?” అని సత్తెమ్మ అతని నుదురు పట్టుకుని చూసింది. నుదురు చల్లగానే ఉంది. ఆమెకు దానికే ఎక్కువ భయం వేసింది.

కుర్మయ్య శంషాబాద్ రైలు స్టేషన్‌లో పార్శిల్ గుమాస్తా. నలభై మూడేళ్లవాడు. మెలితిరిగిన మీసం, గంభీరమైన గొంతు. ఊళ్లో గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ములు వేరుపడినా అతన్ని పిలవకుండా మాట తెగదు. అంతటి మనిషికి ఏడాది క్రితం ఒక జబ్బు పట్టుకుంది. చెన్నపట్నం నుంచి పాల్మాకుల కౌసల్యమ్మ పేర ఒక పార్శిల్ వచ్చింది. దారిలో మూల చిరిగింది. లోపలి సరుకుకు దెబ్బ తగిలిందేమో చూడటం గుమాస్తా విధి కనుక చూశాడు. ‘ఏడు ద్వారాల కోట, మొదటి భాగం’ అని ఉంది. నిప్పుల నది మీద రెక్కల గుర్రం బొమ్మ. విధినిర్వహణలో భాగంగా మొదటి పేజీ చదివాడు. మళ్లీ తల ఎత్తేసరికి సద్దిమూట ముట్టుకోకుండానే పొద్దు వాలిపోయింది, రెండు రైళ్లు వచ్చి వెళ్లిపోయాయి.

అప్పటి నుంచి మూడు నెలలకో భాగం. కుమ్మరి కొడుకు రత్నధ్వజుడు మాంత్రికుడి కోటలో బందీగా ఉన్న నీలవేణి కోసం ఒక్కొక్క ద్వారమే దాటుకుంటూ పోతుంటే, వెనకాలే కుర్మయ్య కూడా దాటుకుంటూ పోయాడు. చిన్నపిల్లలకు చెప్పే కథలని అతనికి తెలుసు. మీసాలు నెరుస్తున్న మనిషి రెక్కల గుర్రానికి దెబ్బ తగిలితే కళ్లనీళ్లు పెట్టుకోవడం ఊరికి తెలిస్తే, రేపటి నుంచి గట్టు తగాదాలో తన మాట ఎవరు వింటారు? అది పరువు సంగతి. ఇక ఇంకొకరి పార్శిల్ విప్పడం నౌకరీ సంగతి. స్టేషన్ మాస్టర్ జగ్గారావు బెజవాడ వైపు మనిషి. నిబంధనల పుస్తకం తప్ప వేరే పుస్తకాన్ని పుస్తకమనడు. “నవలలు చదివే గుమాస్తా, మద్యం తాగే డ్రైవరు ఒకటేనండీ కుర్మయ్య గారూ,” అని నెలకొకసారైనా అంటాడు.

ఆ జగ్గారావు కళ్లు కప్పడానికే కుర్మయ్య ఆ పొద్దున ఒక ఉపాయం చేశాడు. పశువుల శాఖ వారు ముసర రోగం గురించి చిన్న పుస్తకం అచ్చువేసి, స్టేషన్ గోడకు తగిలించమని ఒక ప్రతి పంపారు. దానికి దళసరి పసుపుపచ్చ అట్ట, అట్ట మీద ఎద్దు బొమ్మ. కుర్మయ్య ఆ అట్టను మెల్లగా ఊడదీసి ‘ఏడు ద్వారాల కోట, ఐదో భాగా’నికి తొడిగాడు. కొలత సరిగ్గా సరిపోయింది. గది గుమ్మంలోంచి చూసేవాడికి, పార్శిల్ గుమాస్తా పశువుల రోగాల మీద దీక్షగా పరిశ్రమ చేస్తున్నట్టు కనబడుతుంది.

జగ్గారావు చూడనే చూశాడు. “శభాష్,” అని కూడా అన్నాడు.

లోపల ఐదో ద్వారం దగ్గర రెండు తలల ఏనుగు అడ్డంగా నిలబడి ఉంది. దాని వెనక రెండు దారులు, సరైనది ఒకటే. ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడగవచ్చు. ప్రశ్న తప్పితే మనిషి రాయవుతాడు. రత్నధ్వజుడు కళ్లు మూసుకున్నాడు. కుర్మయ్య ఊపిరి బిగబట్టి పేజీ తిప్పబోయాడు.

“పార్శిల్ బాబూ! ఓ పార్శిల్ బాబూ!”

కౌసల్యమ్మ బండి తోలే మొగులయ్య! పార్శిల్ వచ్చినప్పుడల్లా పదకొండుకు వచ్చేవాడు ఆ రోజు తొమ్మిదిన్నరకే గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇంత జల్దీ వచ్చినవేందిరా?”

“ఏం జెప్పాలె అన్నా! నిన్నటి సంది అమ్మ నిలువనిస్త లేదు, కూసోనిస్త లేదు. పార్శిల్ వచ్చే దినమని ఎవలో లెక్కగట్టి చెప్పిన్రంట. కోడి కూయకముందే ఎడ్లు కట్టిపిచ్చింది. ఏదో మనవని చదువు పుస్తకాలంటది. జర జల్దీ ఇయ్యి. ఆల్చమైతే నన్ను కొరికి తింటది.”

కుర్మయ్యకు చెమటలు పట్టాయి. “నువ్వు పోయి ఎడ్లకు నీళ్లు పట్టు, తెస్తున్న,” అని అతన్ని అటు పంపి, బల్ల వైపు తిరిగాడు. బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి. ఒకటి పసుపు అట్టది, ఒకటి అట్ట లేనిది. పసుపు అట్టది సర్కారుది. రెండోది కౌసల్యమ్మది. కంగారులో మనిషి కళ్లు చెప్పిందే వింటాడు గాని, పొద్దున తన చేతులు ఏం చేశాయో గుర్తుతెచ్చుకోడు. అట్ట లేని పుస్తకాన్ని గబగబ కాగితంలో చుట్టి, పురికొస బిగించి, మొగులయ్యకు ఇచ్చేశాడు. బండి గలగలమంటూ వెళ్లిపోయింది. ఏనుగు సంగతి ఇక మూడు నెలల దాకా తేలదు కదా అని మనసు పీకుతూ ఉంటే, పదింటి బండి సామాను దించుకోవడంలో పడిపోయాడు.

ఒంటిగంటకు జగ్గారావు మేకు, సుత్తి పట్టుకుని వచ్చాడు. “ఏమండీ, ఆ పశువుల పుస్తకం ఇటు ఇవ్వండి. గోడకు కొడదాం.”

కుర్మయ్య పసుపు అట్ట పుస్తకం అందుకుని, ఇవ్వబోతూ ఊరికే తెరిచాడు. లోపల నీలవేణి కిటికీలోంచి ఏడుస్తూ చూస్తోంది.

పొద్దున తాను బండిలో పంపింది ఏ పుస్తకమో అప్పుడు అతనికి తట్టింది. మరుక్షణం, మిగిలిన పేజీలు తన దగ్గరే ఉన్నాయన్న సంతోషం ఒకటి సిగ్గు లేకుండా తలెత్తింది. దాన్ని నొక్కిపట్టి, పుస్తకం చంకలో పెట్టుకున్నాడు.

“ఇంకా పూర్తిగా చదవలేదండీ... ఇంటికాడ పనుంది సార్. రెండు గంటలు సెలవియ్యిండ్రి.”

“పశువుల పుస్తకం పూర్తి చెయ్యడానికా?” అని జగ్గారావు కళ్లజోడు పైనుంచి చూశాడు. ఆ చూపుకు అర్థమేమిటో ఆలోచించే తీరిక కుర్మయ్యకు లేదు. హమాలీ కొండల్ సైకిల్ గోడకు ఆనించి ఉంది. అడిగాడో లేదో అతనికే తెలియదు, ఎక్కి తొక్కాడు.

పాల్మాకుల నాలుగైదు మైళ్లు. ఊరు దాటేచోట రోడ్డు పక్కన గోపయ్య ఆవులు మేపుతూ కనిపించాడు. ఊళ్లో పశువులకు అతనే పెద్ద దిక్కు. నోరు కూడా అంతే పెద్దది.

“గోపన్నా! కౌసల్యమ్మ బండి పోవంగ చూసినవా?” అని సైకిల్ దిగకుండానే అరిచాడు కుర్మయ్య.

“ఎప్పుడో పాయె. ఎందుకే?”

“అండ్ల పార్శిల్ ఉన్నది! అది పోవద్దుండె. పోతే పరేషాన్ అయితది!”

“ఏముందే పార్శిల్‌ల?”

“ముసర రోగం...” అన్నాడు కుర్మయ్య. ‘పుస్తకం’ అని కూడా అన్నాడు. అయితే అప్పటికే సైకిల్ దిబ్బ దిగింది, ఆ యుద్ధకాలంలో ఆ రోడ్డు మీద ఆగకుండా తిరిగే మిలిటరీ లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆ రెండో మాటను గాలి ఎటు తీసుకుపోయిందో గాని గోపయ్య చెవికి మాత్రం చేర్చలేదు.

గోపయ్య చేతిలోని కర్ర కింద పడింది. ముసర రోగమంటే ఆ చుట్టుపక్కల తెలియని గడప లేదు. పన్నెండేళ్ల కింద వచ్చినప్పుడు దున్నడానికి ఎద్దు లేక మనుషులే నాగలి లాగారు. “రైల్ల ముసర దిగింది! స్టేషన్ల పార్శిల్‌ల వచ్చిందంట!” అని అరుచుకుంటూ అతను ఊళ్లోకి పరుగెత్తాడు.

ఆ సంగతి తెలియని కుర్మయ్య, ముంచుకొస్తున్న ముప్పును ఆపడానికి ముక్కుతూ తొక్కుతున్నాడు.

పాల్మాకులలో మొదటి ముప్పు అప్పటికే ముంచేసింది. కౌసల్యమ్మకు యాభై ఏళ్లు దాటాయి. పెనిమిటి పోయిన తరువాత అరవై ఎకరాలు ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. ఆమె దగ్గితే పాలేర్లు లేచి నిలబడతారు. పార్శిల్ రాగానే దాన్ని ధాన్యపు గదిలోకి తీసుకుపోయి తలుపు వేసుకోవడం ఆమె అలవాటు. ఆ రోజూ వేసుకుంది. ఐదు నిమిషాల్లో తలుపు ధడాలున తెరుచుకుంది. ముఖం పాలిపోయి ఉంది. చేతిలో పుస్తకం తెరిచే ఉంది. అందులో మొదటి వరుస ఇది: ‘పశువుల యజమానులారా, మేల్కొనుడు! ముసర మీ గడప ముందున్నది!’ రెండో పేజీలో నాలుక వేలాడేసిన ఎద్దు. మూడో పేజీలో: ‘పశువులను తక్షణమే వేరుచేసి ఊరికి దూరముగా తోలవలెను.’ ఎవరో ఊరందరికీ పంచిన కాగితమైతే ఆమె ఇంత భయపడేది కాదు. పైన తన పేరుతో, పురికొస కట్టి మరీ వచ్చింది. సర్కారుకు తన గొడ్ల సంగతే తెలిసి ప్రత్యేకంగా రాసిందనుకుంది.

కుర్మయ్య చేరేసరికి ఊరు ఊరంతా ఆమె వాకిట్లో ఉంది. కౌసల్యమ్మ అరుగు మీద నిలబడి హుకుములిస్తోంది.

“శంషాబాద్ తొవ్వల నా బీడున్నది గదా, గొడ్లన్నిటినీ అటు తోలుండ్రి! ఒక్క పెయ్య గూడ ఊళ్లె ఉండొద్దు!”

“పటేలమ్మా! జర ఆగు!” కుర్మయ్య సైకిల్ పడేసి రొప్పుతూ వచ్చాడు. “గా పార్శిల్ తప్పుగ వచ్చింది. రోగం గీగం ఏం లేదు!”

కౌసల్యమ్మ అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. “తప్పుగ ఎట్లొచ్చింది? నా పేరు రాసున్నది. నీ చేతులతోనే ఇచ్చినవంట.”

నిజం చెప్పాలంటే, ‘నీ కథల పుస్తకం నేను దొంగచాటుగా చదువుతున్నాను’ అని మొదలుపెట్టాలి. రెండు వందల మంది చూస్తున్నారు. కుర్మయ్య చంకలో ఐదో భాగం చెమటకు తడిసిపోతోంది.

“అదంతా తర్వాత చెప్త. రోగం మాత్రం లేదు. నా మీద ఒట్టు!”

గుంపులోంచి దుర్గవ్వ అనే ముసలామె ముందుకు వచ్చింది. “సూడుండ్రి బిడ్డా, రైలు నౌకరు మండుటెండల సైకిల్ మీద ఉరికొచ్చి ఒట్టు పెడుతుండు. ఏం లేకపోతే ఎందుకు పెడతడు? రోగం శానా పెద్దగనే ఉన్నది!”

“అవును, చెమటలు జూడు,” అన్నారు ఎవరో. “పాపం, చెప్పొద్దని పైనుంచి హుకుం ఉన్నట్టున్నది,” అన్నారు ఇంకెవరో. అంతే. అప్పటిదాకా ‘చూద్దాంలే’ అని తటపటాయిస్తున్న వాళ్లు కూడా పలుపులు విప్పడానికి పరుగెత్తారు. కుర్మయ్య ‘లేదు లేదు’ అని ఎంత గట్టిగా అరిస్తే పశువులు అంత వేగంగా ఊరు విడిచాయి. చివరికి కౌసల్యమ్మ బండెక్కి, “నువ్వు గూడ రా. స్టేషన్ కాడ ఏం జరిగిందో తొవ్వల చెప్పు,” అంది. కుర్మయ్య సైకిల్ తోసుకుంటూ బండి వెంట నడిచాడు. దారి పొడవునా నూట యాభై గొడ్ల దుమ్ములో అతనికి దగ్గు తప్ప మాట రాలేదు.

సగం దూరం పోయారు. ఎదురుగా ఉత్తరాన ఇంకో దుమ్ము లేచింది.

అది శంషాబాద్ మంద. ముసర స్టేషన్‌లో దిగింది కనుక స్టేషన్‌కు వీలైనంత దూరంగా పోవాలని, గోపయ్య ఊళ్లోని గొడ్లన్నిటినీ దక్షిణానికి తోలుకొస్తున్నాడు. ఈ ఊరివాళ్లు ఆ ఊరి వైపు, ఆ ఊరివాళ్లు ఈ ఊరి వైపు పారిపోతూ బెంగుళూరు రోడ్డు మీద ఎదురుబొదురయ్యారు.

“ఆపుండ్రి! మీ గొడ్లకు రోగమున్నది, ఇటు రావద్దు!” అని అరిచాడు గోపయ్య.

“మాకెందుకుంటదయ్యా? రోగం మీ స్టేషన్లనే గదా పుట్టింది!” అని అరిచాడు మొగులయ్య.

మనుషులు ఆగారు. పశువులు ఆగలేదు. పాల్మాకుల కోడెకు శంషాబాద్ ఆవు నచ్చింది. రెండు మందలూ పాలూ నీళ్లూ కలిసినట్టు కలిసిపోయాయి. ఏది ఎవరిదో తెలియకుండా మూడు నాలుగు వందల గొడ్లు రోడ్డు నిండా పరచుకున్నాయి. అటు మిలిటరీ లారీలు ఆరు ఆగిపోయి హారన్లు మొదలుపెట్టాయి. ఇటు పట్నం నుంచి బొగ్గు పొయ్యితో నడిచే బస్సు ఒకటి వచ్చి, పొగ కక్కుతూ నిలబడిపోయింది. ఒక బర్రె ఆ పొయ్యి వెచ్చదనం బాగుందనుకుందో ఏమో, బస్సును ఆనుకుని పడుకుంది.

ఆ గందరగోళంలోంచి గొడుగు వేసుకుని, బర్రెలను తోసుకుంటూ జగ్గారావు వచ్చాడు. జీవితంలో మొదటిసారి స్టేషన్‌ను సహాయకుడికి వదిలి వచ్చాడట.

“కుర్మయ్య గారూ! మీ పార్శిల్ గదిలో ముసర పుట్టిందని ఊరంతా వచ్చి స్టేషన్ చుట్టూ వేపమండలు కట్టి పోయారండీ! పసుపు నీళ్లు నా టిక్కెట్ల మీద చల్లారు! పైవాళ్లకు నేనేం రాయాలి? అసలు ఆ పార్శిల్‌లో ఏముంది?”

గోపయ్య ఇటు తిరిగాడు. మొగులయ్య అటు నుంచి వచ్చాడు. కౌసల్యమ్మ బండిలో నిటారుగా కూర్చుంది. ఇంతమంది ఒకేసారి తనను చూడటం కుర్మయ్యకు గట్టు తగాదాలలో అలవాటే. కాని అక్కడ ఎప్పుడూ దోషి తాను కాడు. నౌకరీ పోయిందనుకున్నాడు. ఇరవై ఏళ్ల నౌకరీ. సత్తెమ్మకు ఏం చెప్పాలి? ఏనుగు కోసం పోయిందని చెప్పాలా?

“సార్, ఆ పార్శిల్‌ల...” అని గొంతు సవరించుకున్నాడు.

“హటో, హటో! జర జరుగుండ్రి!” అంటూ బస్సులోంచి ఒక పొడవాటి మనిషి దిగాడు. రూమీ టోపీ, చేతిలో తోలు పెట్టె. వెనక ఇద్దరు జవాన్లు చెక్క పెట్టెలు మోస్తున్నారు. అతను రోడ్డు మీద పశువులను చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

“సుభానల్లా! ఇన్ని జానవర్లు! ఎవరు తెచ్చిన్రు వీటిని?”

అతను పట్నం పశువుల డాక్టరు. పదకొండేళ్లుగా ఊరూరూ తిరుగుతున్నాడు. సూది మందు అనగానే జనం గొడ్లను వాగుల్లో, జొన్న చేలల్లో దాచిపెట్టేవాళ్లు. ఏ ఊళ్లోనూ పదికి మించి ఎన్నడూ దొరకలేదు. ఆ రోజు కొత్తూరు పోతూ, దారిలో శంషాబాద్, పాల్మాకుల పశువులకు ముసర టీకా వేయాలని బయలుదేరాడు. టీకాకు రెండు ఊళ్ల గొడ్లూ నడిరోడ్డు మీద ఎదురొచ్చి నిలబడ్డాయి. దాచుకుందామన్నా ఎవరి గొడ్డు ఏదో ఎవరికీ తెలియదు.

“రోగం వచ్చిందంట గద డాక్టర్ సాబ్?” అన్నాడు గోపయ్య.

“ఎక్కడిది రోగం? రాకుండనే గద టీకా! పుస్తకం పంపినం గద, దాని అట్ట లోపలి పక్క అంతా రాసినం. ‘భయపడవలదు, ఫలానా తారీకున డాక్టరు వచ్చును’ అని.”

కుర్మయ్య చెయ్యి దానంతట అదే చంకలోకి పోయింది. ఊరికి కావలసిన ధైర్యమంతా పొద్దుటి నుంచీ ఆ అట్ట లోపల అచ్చై ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని, ఏం లేదు ఏం లేదని ఒట్లు పెడుతూ అతను ఊరంతా తిరిగాడు.

డాక్టరు జవాన్లు పెట్టెలు తెరిచారు. లారీ సిపాయిలు హారన్లు కొట్టి విసిగి, దిగొచ్చి కొమ్ములు పట్టుకున్నారు. సాయంత్రం దాకా సూదులు పడ్డాయి. టీకా పడిన గొడ్డును పడినట్టుగా ఎవరిది వాళ్లు గుర్తుపట్టి తోలుకుపోయారు. మధ్యలో డాక్టరు అడిగాడు. “ఈ ఇంతెజాము, ఈ ఏర్పాటంతా చేసినదెవరు? పైకి నేను రిపోర్టు రాస్త.”

జనం అందరూ కుర్మయ్యనూ కౌసల్యమ్మనూ చూపించారు. జగ్గారావు మాత్రం వదల్లేదు. “అదంతా సరేనండీ. కౌసల్యమ్మ గారూ, ఆ పార్శిల్ చెన్నపట్నం నుంచి వచ్చింది. పశువుల పుస్తకం సర్కారు మన స్టేషన్‌కు పంపింది. మీకు రావలసింది అసలు ఏమిటి?”

కుర్మయ్య కళ్లు మూసుకున్నాడు.

కౌసల్యమ్మ చుట్టూ తన పాలేర్లున్నారు. తను దగ్గితే లేచి నిలబడే మనుషులు. ఆమె కొంగు సర్దుకుని, “గదే వచ్చింది. పశువుల పుస్తకమే. నేనే తెప్పిచ్చుకున్న. ఎందుకయ్యా, తెప్పిచ్చుకోవద్దా?” అంది.

“అబ్బెబ్బే, ఎంతమాట!” అని జగ్గారావు గొడుగు మడిచాడు.

పొద్దు వాలేవేళకు రోడ్డు ఖాళీ అయింది. జనం వెళ్లిపోయారు. మొగులయ్యను ఎడ్లకు నీళ్లు పట్టుకురమ్మని అటు పంపి, కౌసల్యమ్మ బండిలోంచి మెల్లగా పిలిచింది. “కుర్మయ్యా, ఇటు రా. చంకల ఉన్నది తియ్యి.”

తీశాడు. ఆమె పసుపు అట్ట ఊడదీసి అతనికిచ్చి, పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుంది. తడిసిన మూలలను అరచేత్తో సాపు చేసింది.

“మనవని చదువు పుస్తకమన్నరు...” అని నసిగాడు కుర్మయ్య.

“నాకు మనవడు లేడు,” అందామె. “యాభై రెండేండ్ల ముసల్ది రెక్కల గుర్రం కోసం కాసుకొని కూసుంటదంటే మంది నవ్వరా? పొలంల ఎవడన్న నా మాట ఇంటడా? సరే గాని, ఎంతదాక చదివినవ్?”

“ఏనుగుదాక. పది పేజీలు మిగిలినయ్.”

“నేను నాలుగో భాగం కాడనే మూడు నెలల సంది ఆగి ఉన్న. నాకు నిద్ర లేదు. నువ్వు నాకంటె ముందుగాల చదువుతున్నవా?” ఆ గొంతులో ఆ రోజంతా లేని కోపం ఉంది. గొడ్లకోసం కూడా ఆమె అంత కోపం తెచ్చుకోలేదు.

“తప్పయింది పటేలమ్మా.”

“తప్పే. ఇగ నుంచి ముందు నేను, తర్వాత నువ్వు. నేను చదివినంక మొగులయ్యతోని పంపిస్త.” అని, బండి అంచు మీదికి వంగి, “ఏనుగును ఏమడిగితే బాగుంటదంటవ్?” అంది.

కుర్మయ్య ముఖం వికసించింది. పొద్దుటి నుంచి అతను ఎదురుచూస్తున్నది ఈ ప్రశ్న కోసమే. అతను బండి చక్రం మీద చెయ్యి ఆనించి చెప్పాడు. “‘రెండో తలకాయనడిగితే ఏ తొవ్వ చూపిస్తది?’ అని అడగాలె. చెప్పిన తొవ్వ వదిలి రెండో తొవ్వ పట్టుకోవాలె.”

కౌసల్యమ్మ వేళ్ల మీద లెక్క వేసుకుని, నిజమేనన్నట్టు తల ఊపింది. అయినా ఉండబట్టలేక అక్కడే చివరి పది పేజీలు తెరిచింది. మధ్య సంగతులు తరువాత చూసుకోవచ్చుననుకుంది. పెదవులు కదుపుతూ చదువుతుంటే కుర్మయ్య ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాడు. ఆమె కనుబొమలు లేచాయి, ముడిపడ్డాయి, మళ్లీ లేచాయి. చివరి పేజీ తిప్పింది. పుస్తకం టప్పున మూసి ఆకాశంలోకి చూసింది.

“ఏమైందమ్మా? తలుపు తెరుచుకున్నదా?”

“పిలగాడు అడిగిండు. ఏనుగు రెండు నోర్లూ తెరిచింది.”

“తెరిచి?”

“తెరిచి, ‘తరువాతి కథ ఆరో భాగములో’ అన్నది.”

ఇద్దరూ మూసిన పుస్తకం వైపు తలలు వంచుకున్నారు. మొగులయ్య వచ్చి, ఎవరో దగ్గరివాళ్లు పోయారనుకుని తలపాగా తీసి నిలబడ్డాడు.

ఆ మూడు నెలలూ ఎలా గడిచాయో ఆ ఇద్దరికే తెలుసు. సత్తెమ్మ మాత్రం భర్త ఇప్పుడు రొట్టెను పప్పులోనే ముంచుతున్నాడని, అయితే తినడం మరిచిపోతున్నాడని పక్కింటివాళ్లకు చెప్పుకుంది. ఆరో భాగం వచ్చే రోజున కౌసల్యమ్మ బండి పంపలేదు. తానే వచ్చి, రైలుకు రెండు గంటల ముందు నుంచీ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంది. ఆ చివర కుర్మయ్య నిలబడ్డాడు. బండి ఆగింది. పార్శిల్ దిగింది. కుర్మయ్య మర్యాదగా దాన్ని ఆమెకు అందించబోతుంటే వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి అందుకుంది.

జగ్గారావు కళ్లజోడు సవరించుకుని, మొన్నటి గొడవ తరువాత చెన్నపట్నం పార్శిళ్లను స్టేషన్ మాస్టర్ స్వయంగా తనిఖీ చేయక తప్పదనీ, దానికి రెండు రోజులు పడుతుందనీ, బొమ్మలు ఎక్కువగా ఉంటే మూడు రోజులు కూడా పట్టవచ్చుననీ చెప్పి, గదిలోకి వెళ్లి లోపల గడియ వేసుకున్నాడు.